రత్నం సార్ కంప్యూటర్‌లో ఉన్న గొంతు

2022 వేసవి. మదనపల్లెలో ఒక మందుల షాపు మేడ మీద నా కంప్యూటర్ సర్వీస్ సెంటర్ నడుస్తోంది. టమోటా సీజన్ కావడంతో మండీ వాళ్ళ బిల్లింగ్ మిషన్లూ ప్రింటర్లూ బల్లల నిండా ఉన్నాయి. ఆ రోజు ఒక ఆటో అతను సీపీయూ మోసుకొని మెట్లెక్కి వచ్చాడు. వెనకాలే చేతికర్రతో మెట్లు తడుముకుంటూ నలభై దాటిన మనిషి ఒకరు వచ్చారు. పుంగనూరులో హైస్కూలు టీచరు. పేరు రత్నం. పుట్టుకతోనే చూపు లేదు.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "నా మిషన్ నన్ను బెదిరిస్తా ఉండాదమ్మా. కాసేపటికొకసారి ప్రమాదం, ప్రమాదం అంటాది. పుంగనూరులో ఒక షాపాయన ఫార్మాట్ కొట్టాల్సిందే అన్న్యాడు. వద్దని ఎత్తుకొచ్చేసినాను" అన్నారు.

ఫార్మాట్ అంటే డిస్కు మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడం. సర్వీసు చేసేవాళ్ళకు అది సులువు. మిషన్‌లో ఏముందో ఆలోచించనక్కర్లేదు.

కంప్యూటర్ ఆన్ చేయగానే అది మాట్లాడడం మొదలుపెట్టింది. చూపు లేనివాళ్ళు స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రామ్ వాడతారు. తెర మీద ఏ అక్షరాలు వస్తే వాటిని అది పైకి చదువుతుంది. మనకైతే మూలన ఒక హెచ్చరిక కనిపిస్తుంది, పట్టించుకోకుండా పని చేసుకుంటాం. రత్నం సార్‌కు ఆ వీలు లేదు. ఆయన ఏం వింటున్నా మధ్యలో దూరి, వైరస్ రక్షణ ఆగిపోయిందని అది అరుస్తోంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం వచ్చినట్టు ఉంది.

"ఇది ఎప్పటి నుంచి సార్?"

"నిదానంగా ఉండాదని ఆ షాపులో ఇచ్చినాను. పాత చెత్తంతా తీసేసినామన్నారు. ఆ పొద్దు నుంచే."

కారణం అక్కడే దొరికింది. రిజిస్ట్రీ అంటే కంప్యూటర్‌లో ప్రతి ప్రోగ్రామూ తన వివరాలు నమోదు చేసుకునే చోటు. ప్రోగ్రామ్‌ను తీసేసినా ఆ నమోదులు కొన్ని మిగిలిపోతుంటాయి. వాటిని ఏరి పారేయడానికి క్లీనర్లు అనే ప్రోగ్రాములు దొరుకుతాయి. ఈ మిషన్‌లో ఒకప్పుడు ఒక యాంటీవైరస్ ఉండేది. దాన్ని తీసేశాక మిగిలినవాటిలో సగం ఆ షాపు వాళ్ళు నడిపిన క్లీనర్ తీసేసింది, సగం వదిలేసింది. అసలు మనిషి వెళ్ళిపోయినా గుమ్మానికి పేరు బోర్డు అలాగే ఉంది. విండోస్ ఆ బోర్డు చూసి, కాపలావాడు ఉన్నాడు, నిద్రపోతున్నాడు అనుకుంటోంది. అందుకే తన సొంత రక్షణను మొదలుపెట్టడం లేదు, హెచ్చరికలు ఆపడం లేదు.

ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి పక్కన పెట్టాను. ఏ రిపేరుకైనా నాకు అదే మొదటి పని. ఆ యాంటీవైరస్ కంపెనీ వాళ్ళే ఇచ్చే రిమూవల్ టూల్‌తో మిగిలిన సగం తీసేశాను. విండోస్ రక్షణ ఆన్ చేసి, వైరస్ పరీక్ష నడిపాను. సాయంత్రానికి మిషన్ నోరు మూసుకుంది. సార్ వచ్చి విన్నారు. సంతోషిస్తారనుకున్నాను.

"డి డ్రైవ్‌లో పద్మ అని ఒక ఫోల్డర్ ఉంటాదమ్మా. అది తెరువు" అన్నారు.

తెరిచాను. ఫోల్డర్ నిండా ఆడియో ఫైళ్ళు ఉన్నాయి. ఒకటి నొక్కితే, దీన్ని దేనితో తెరవాలో తెలియదని విండోస్ చెప్పింది. ఇంకొకటి నొక్కినా అంతే.

"క్లీన్ చేసినప్పటి నుంచి ఇంతే. ఆయప్ప అవి చెడిపోయినాయన్న్యాడు. పోయినాయా అమ్మా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేయి బల్ల అంచును పట్టుకొని ఉంది. ఆయనకు హెచ్చరికల గోల అసలు బాధే కాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఫైళ్ళు చెడిపోలేదు. అవి పాతకాలపు వాయిస్ రికార్డర్‌తో చేసినవి. ఆ కంపెనీ ప్లేయర్ ఉంటేనే తెరుచుకుంటాయి. క్లీనర్ ఆ ప్లేయర్ నమోదులను కూడా చెత్త కింద జమకట్టి తీసేసింది. ప్లేయర్ సీడీ సార్ దగ్గర భద్రంగానే ఉంది, మరుసటి రోజు ఆటో అతనితో పంపించారు. దాన్ని పెడితే మళ్ళీ ఒక హెచ్చరిక వచ్చింది. తెలియని ప్రోగ్రామ్, నడిపితే ప్రమాదం కావచ్చు అని.

ఇలాంటి చోట చాలామంది విసుక్కొని 'అయినా నడుపు' అని నొక్కేస్తారు. నేను నొక్కలేదు. ఆ హెచ్చరిక నిజమై మిషన్లు పాడైపోవడం నేను చూశాను. నా దగ్గర ఇంటర్నెట్‌కు కలపని పాత కంప్యూటర్ ఒకటి ఉంది. అనుమానం ఉన్నవాటిని దాని మీదే పరీక్షిస్తాను. సీడీని పరీక్షించి, ప్లేయర్‌ను అందులో ఎక్కించి, రికార్డింగులన్నిటినీ ఏ ప్లేయర్‌లోనైనా వినిపించే మామూలు ఆడియోగా మార్చాను. ఆ పాత ప్రోగ్రామ్‌ను సార్ మిషన్ మీదికి రానివ్వలేదు.

సరిగా మారాయో లేదో చూద్దామని ఒకటి విన్నాను. ఒక అమ్మాయి డిగ్రీ చరిత్ర పుస్తకం చదువుతోంది. రైతువారీ పద్ధతి మీద పాఠం. వెనక కాకుల అరుపులు, దూరంగా ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు. గొంతు నిండుగా, తేటగా ఉంది. పాఠం చివర్లో నవ్వుతూ అంది: "ఈ పూటికి సాలప్పా రత్నం. గొంతు ఎండిపోతాండాది. ఇంగ రేపు."

పుంగనూరు వెళ్ళి మిషన్ నేనే బిగించి వచ్చాను. సార్ ఒక్కరే ఉంటారు. మొదటి రికార్డింగు వినిపించగానే తల వంచుకొని కూర్చున్నారు. అది అయిపోయాక చెప్పారు. సార్ వాళ్ళమ్మ మదనపల్లెలో క్రైస్తవ మిషనరీల ఆసుపత్రిలో నర్సు. డిగ్రీ చదివేటప్పుడు ఆ క్వార్టర్స్ వరండాలో కూర్చొని, పరీక్షల ముందు పుస్తకాలన్నీ చదివి రికార్డు చేసి ఇచ్చింది క్లాస్‌మేట్ పద్మ. పెద్దపంజాణి దగ్గర రైతుల ఇంటి పిల్ల.

"ఆ పాఠాలతోనే పాసయినానమ్మా. ఆయమ్మకు పెండ్లయిపోయింది. కుప్పంలో టీచర్‌గా ఉండాదంట. నేనెప్పుడూ పలకరించలా."

"ఎందుకు సార్?"

"ఏమని పలకరించేది?"

రికార్డింగు ఆపించి, "నువ్వు పనిమీద కుప్పం పోతాంటానన్న్యావు కదా. ఇవి ఆమె గొంతు. ఒక నకలు ఆమె దగ్గర ఉంటే బాగుంటాది. ఏమీ అడగొద్దు. ఇచ్చేసి రా" అన్నారు.

కుప్పంలో ఒక ప్రైవేట్ కాలేజీ ల్యాబ్ సర్వీసు నేనే చూసేదాన్ని. రత్నం సార్ పేరు చెప్పి, పద్మ గారి స్కూలు వాళ్ళ ద్వారా ముందుగా మాట పంపితే, సాయంత్రం బడి వదిలాక రమ్మన్నారు. స్టాఫ్ రూంలో ఆమె ఒక్కరే ఉన్నారు. మెడలో చిన్న మైకు, నడుముకు స్పీకరు డబ్బా. నన్ను చూసి మైకు తీసి పక్కన పెట్టారు. "కూర్చోండి" అన్నారు. అది గొంతు కాదు, గుసగుస. ఇసుక మీద చీపురు లాగినట్టుంది.

నేను తడబడ్డాను. ఆమెకు అది అలవాటే అనుకుంటాను, మెడ మీది గీతను తానే చూపించారు. "థైరాయిడ్ ఆపరేషన్. నరం దెబ్బతినింది. పదేండ్లు దాటిపోయింది."

పెన్ డ్రైవ్ ల్యాప్‌టాప్‌కు పెట్టి, హెడ్‌ఫోన్ అందించాను. ఏం వింటారో చెప్పలేదు. ఆమె విన్నారు. ఒక పాఠం అయిపోతే ఇంకొకటి తానే నొక్కారు. బయట బడి ఆయా ఒకామె తరగతి గదులకు తాళాలు వేసుకుంటూ వచ్చి, లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయింది.

హెడ్‌ఫోన్ తీశాక, "నా కూతురికి నా గొంతు ఎట్లుండేదో గుర్తే లేదు. ఇంట్లో ఒక్క వీడియో కూడా లేదు. ఇది తీసకపోయి వినిపిస్తాను" అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు. "ఆ పుస్తకాలన్నీ మారిపోయినాయి కదా. ఆయన ఏంటికి పెట్టుకోనుండాడు ఇంకా?"

"పాఠాల కోసం కాదనుకుంటా మేడం."

ఆమె కిటికీ వైపు తిరిగారు. తర్వాత అన్నారు, "ఇట్లయిపోయిందని ఆయనకు చెప్పొద్దండి. ఆయన దగ్గరన్నా నా గొంతు బాగుండాది. ఉండనీండి."

సరే అని లేచాను. మెట్లు దిగి గేటు దాకా వచ్చేసరికి వెనక చప్పట్లు వినిపించాయి. పిలవడానికి ఆమెకు గొంతు లేదు, చప్పట్లు కొట్టి ఆపారు. గబగబా నడిచి వచ్చి ఆయాసపడుతూ, "వద్దు. అట్ల దాస్తే అబద్ధం చెప్పినట్టు అవుతాది. మీ ఫోన్‌లో రికార్డు చేయండి" అన్నారు.

మళ్ళీ స్టాఫ్ రూంకు వెళ్ళాం. మైకు పెట్టుకోలేదు. బల్ల మీదున్న సోషల్ పుస్తకం తెరిచి చదివారు. ఒక్కో వాక్యానికి ఎంత కష్టపడుతున్నారో మెడ నరాల్లో కనిపించింది. పాఠం మొత్తం చదవలేకపోయారు. రెండో పేజీలోకి వెళ్ళి, చేయి ఎత్తి చాలన్నారు. ఏ కబురూ చెప్పలేదు, పేరు కూడా చెప్పలేదు.

ఆ ఆదివారం సార్ చర్చి నుంచి వచ్చే వేళకు పుంగనూరు వెళ్ళాను. ఇచ్చేశానని చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డింగు వినిపించాను. కాసేపు విని మొహం చిట్లించారు.

"ఎవురమ్మా ఈమె? జబ్బు మనిషి మాదిరి ఉండాది."

ఫోన్‌ను ఆయనకు ఇంకొంచెం దగ్గరగా జరిపాను. రికార్డింగు సాగుతోంది. ఉన్నట్టుండి ఆయన చేయెత్తారు.

"ఆపు. కొంచెం వెనక్కి పో."

మళ్ళీ పెట్టాను. ఆమె ఒక వాక్యం మధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకొని, పేజీ తిప్పి, మిగతా సగం చదివే చోటు.

"పేజీ తిప్పేటప్పుడు అట్ల ఆగేది పద్మ ఒక్కతే" అన్నారు. "ఏమయింది ఆయమ్మకు?"

జరిగింది చెప్పాను. మైకు సంగతీ, కూతురి సంగతీ, గేటు దగ్గర చప్పట్లు కొట్టి పిలిచిన సంగతీ. ఆయన ఫోన్ కోసం బల్ల మీద తడిమి, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని ఆ రెండు పేజీలూ ఇంకోసారి విన్నారు.

"ఇది కూడా ఆ ఫోల్డర్‌లోనే పెట్టమ్మా. అన్నిటికన్నా ముందుండాల" అన్నారు.

వాళ్ళిద్దరినీ అడిగి, పేర్లు మార్చి ఇది రాస్తున్నాను. ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. అడగలేదు.

మా పనిలో మిగిలిపోయిన నమోదులను తీసేయడం చిటికెలో అయిపోతుంది. ఏది ఎందుకు మిగిలిందో ఏ క్లీనరూ చెప్పలేదు. అందుకని ఇప్పుడు ఎవరి మిషన్ వచ్చినా, చేయి పెట్టేముందు ఒక మాట అడుగుతాను: ఇందులో మీకు పోకూడనిది ఏముంది? చాలామంది ఏమీ లేదంటారు. కొందరు మాత్రం వెంటనే జవాబు చెప్పరు. వాళ్ళను నేను తొందరపెట్టను.