సామాను

తాండూరులో వికారాబాద్ బస్సు ఎక్కబోతుంటే, మూడు చక్రాల బ్యాటరీ బండి మీద, నడవలేని ఒక పెద్దామె తలుపు దగ్గరికి వచ్చింది. మేక కూడా ఆలోచించి ఎక్కేంత ఎత్తు ఆ బస్సు మెట్లు.

"బండి ఎక్కదవ్వా. ఈడనే పెట్టి నువ్వొక్కదానివి రా," అన్నాడు కండక్టరు.

"బండి లేకుంటే దిగినంక నేను సామానైత గద కొడుకా," అందామె.

అయినా వెళ్లక తప్పదు కాబోలు, బండిని టీకొట్టు పక్కన వదిలింది. నేనూ ఇంకొకాయనా ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టాం. దారంతా బండి తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది.

వికారాబాద్‌లో మేమిద్దరమే దించాం. మోస్తూనే ఆయన, ఆమెను కాదు, నన్నడిగాడు: "యాడ పెడదామన్నా?"



"గా గోడకు పెట్టుండ్రి," అని ఆమే చెప్పింది.