నురుగు వచ్చేదాకా

మొన్న మా పక్క చేనులో, పొద్దు గూకాక కూడా దీపాలు పెట్టుకుని మక్కజొన్నకు మందు కొడుతున్న డ్రోన్ ఒకటి ఉన్నట్టుండి దారి తప్పి గట్టు అవతల పడింది. నడిపే మనిషి కంపెనీని తిట్టుకుంటూ సిగ్నల్ పోయిందన్నాడు. నేను మాత్రం తల పైకెత్తి ఆకాశం వంక చూశాను. కారణం అదో కాదో ఒట్టేసి చెప్పలేను గాని, మార్చి నెలలో చీకటి పడే వేళకు కాలు కాలిన పిల్లిలా తిరగడం నాకు చిన్న వయసు నుంచీ ఉన్న జబ్బు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రాత్రిపూట రేడియోలో దూరదేశపు స్టేషన్ పట్టుకుంటే మాట ఒకసారి దగ్గరికొచ్చి మరోసారి మునిగిపోయేది. ఆ తంటా అంతా కొన్ని వందల కిలోమీటర్ల పైనున్న అయనావరణానిది. ఎండ ఉన్నంతసేపు బుద్ధిగా ఉండే ఆ విద్యుత్ పొర, భూమధ్యరేఖకు దగ్గరి సీమల్లో పొద్దు గూకగానే అడుగున పలచబడుతుంది, ఆ పలచన బుడగలై పైనున్న చిక్కదనాన్ని చీల్చుకుని ఎగబాకుతుంది. రేడియో మాటనే కాదు, డ్రోన్లకు దారి చూపే ఉపగ్రహాల సిగ్నళ్లనూ ఆ బుడగలే చెదరగొడతాయి. వాటిని రాడార్‌తో పట్టే కేంద్రం ఒకటి దక్షిణాన, మా ఊరు ఆర్మూర్‌కు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణమంత దూరాన ఉండేది, అక్కడే నా మొదటి ఉద్యోగం. ఉద్యోగమంటే పేరుకే, ఒక్క బుడగనైనా పుట్టుక నుంచి చివరిదాకా రికార్డు చేసి చూపితేనే ఉంచుకుంటామని పెద్దసారు ముందే చెప్పాడు.

అవి ఎక్కువగా లేచేది పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, అంటే సరిగ్గా మా ఇంట్లో పసుపు ఉడకబెట్టే రోజుల్లో. ఆ ఏడు బావ దుబాయ్‌లో ఉన్నాడు, అక్కకు నెలలు నిండాయి, తవ్విన పసుపు కుప్పపోసి ఉంది, కూలీలు దొరకలేదు. నన్ను తీసుకుపోవడానికి మేం బాపు అని పిలిచే మా నాన్న నేరుగా కేంద్రానికే వచ్చాడు. సాళ్లుగా నాటినట్టున్న ఆంటెనాలను చూసి, మధ్యలో మక్క ఎందుకు వేసుకోలేదని మా పెద్దసారును అడిగి అందరినీ నవ్వించాడు గాని, నా గదికి వచ్చాక అసలు మాట చెప్పాడు.

“పసుపు ఆగుతదా బిడ్డా? గీ ఆకాశం యాడికి పోతది, మల్లేడు గూడ ఉంటది.”

ఆ సాయంత్రం రాడార్ తెర ముందు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. సన్నటి గీత తప్ప ఏమీ లేదు. కంటికి కనబడేది కాదని తెలిసీ నేను బయటికి పోవడం, పైకి చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం. బాపు ఆ అవస్థ చూడలేక దేని కోసమని అడిగితే, పసుపు ఉడికే కడాయిలో అడుగున వేడెక్కింది తేలికై పైకి పొంగినట్టే పైన కూడా పొంగుతుంది, దాని కోసమని చెప్పాను.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పసుపు కడాయి కింద మంట పెట్టినవాళ్లే, ఉడికిందని తెలిపే నురుగు లేచేదాకా కూర్చోవాలి. మధ్యలో మరొకరికి అప్పగిస్తే రంగు చెడుతుందని నమ్మకం. పెళ్లిపిలుపుకు వచ్చిన వియ్యాలవారిని కూడా బాపు పొయ్యి దగ్గరే కూర్చోబెట్టి మాట్లాడేవాడు. తెల్లవారి నేను సర్దుకున్న సంచిని చూసి ఆయన దాన్ని మంచం కిందికి తోశాడు.

“పొయ్యి ముట్టించినోళ్లు నురుగు రాంది లేవొద్దు. నువ్వుండు బిడ్డా, నేను పోత.”

ఆ సాయంత్రమూ ఏమీ రాలేదు, మర్నాడూ రాలేదు. మనసు సగం ఆర్మూర్‌లో కుప్ప చుట్టూ, సగం తెర మీద. చివరికి ఒకనాడు దీపాలు పెట్టే వేళ గీత ఉబ్బింది, చూస్తుండగానే ఎర్రటి స్తంభమై తెర పై అంచుదాకా లేచింది. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే చెప్పుకోవలసిన మనిషి అక్కడ లేడు.

ఉగాదికి ఇల్లు చేరేసరికి పసుపు కల్లంలో ఆరుతోంది. బాపు, అమ్మ ఇద్దరే ఉడికించారట; ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఉద్యోగం నిలిచిందా అని అడగలేదు. “నురుగొచ్చిందా?” అన్నాడు. వచ్చిందన్నాను.

ఇప్పుడు పసుపును ఆవిరి బాయిలర్ చూసుకుంటుంది. రాడార్ కూడా తనంతట తానే రాసుకుంటుందట, పొద్దున తీరిగ్గా వచ్చి చూసుకుంటే చాలు. మంచిదే, చేతులు కాలవు. మొన్న డ్రోన్ దొరికాక ఆ మనిషి బండెక్కి వెళ్లిపోయాడు, నేనే చాలాసేపు గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. బాపు పోయి ఏళ్లయింది. పైన నురుగొచ్చిందని ఇప్పుడు ఎవరికి చెప్పను?