శేషు నవలలో హంతకుడు

నిన్న పొద్దున్నే ఫోన్. "అంకుల్, నాన్న పోయారు" అన్నాడు శేషు కొడుకు.

ఎవరి నాన్న అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

హార్ట్ ఎటాక్ అట. నిద్రలోనే. మొన్ననే గంటసేపు మాట్లాడాడు. ఈసారి రసాలు పుల్లగా ఉన్నాయని నన్ను తిట్టాడు, చెట్టు నాదైనట్టు.

మీలో చాలామందికి వాడు నూజివీడు హోటల్ శేషు. వాడొక నవల రాయాలనుకున్నాడని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఎనభైల్లో సంగతి. ఇద్దరం డిగ్రీ చదువుతున్నాం. అంటే, చదువుతున్నామని ఇంట్లో అనుకునేవాళ్ళు. అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలన్నీ అయిపోయాయి, ఇక మనమే రాసుకోవాలి అన్నాడు శేషు.

వాళ్ళ బాబాయి హోటల్లో మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, సాయంత్రం టిఫిన్లు మొదలయ్యేలోపు, చివరి బల్ల మాది. బయట మామిడికాయల లారీలు. లోపల మేము మర్డర్ ప్లాన్ చేసుకుంటూ ఉండేవాళ్ళం.

కథ ఇదీ. చిన్న ఊళ్ళో ఒక హోటల్. ఓనర్ని ఎవరో చంపి బావిలో పడేస్తారు. ఆ చనిపోయినాయన దెయ్యమై రోజూ ఆఖరి బంతిలో వచ్చి కూర్చుని భోజనం చేస్తుంటాడు. డిటెక్టివ్ ఏమో విస్సన్నపేట నుంచి వచ్చిన మాంత్రికుడు.

సాంబారులో ఉప్పు తక్కువైందని దెయ్యం గొడవ పెట్టుకోవచ్చా, కూడదా అని వారమంతా కొట్టుకున్నాం. కూడదన్నాను నేను.

"మా సాంబారు నువ్వు తిన్లేదేంటి? చచ్చినోడైనా అడుగుతాడు" అన్నాడు.

క్లూ మాత్రం కుదరలేదు. హంతకుడు ఎలా దొరకాలి?

ఒకరోజు శేషే చెప్పాడు. "ఆకు మడవడంలో దొరికిపోతాడురా."

మా వైపు మామూలు భోజనమైతే తిన్నాక ఆకు మన వైపుకి మడుస్తాం. చావు భోజనమైతే అవతలికి. చంపిన రోజు, ఓనర్ పోయాడని ఊళ్ళో ఇంకా ఎవరికీ తెలియదు. చంపినవాడికి తెలుసు. మనసంతా అదే ఉంటుంది కాబట్టి, తిని లేచేటప్పుడు వాడి చెయ్యి ఆకుని అవతలికి మడిచేస్తుంది.

నేను ఎగిరి గంతేశాను. "ఇంత పాయింటు ఎక్కడ పట్టావురా!"

శేషు నవ్వలేదు.

"చూశాను" అన్నాడు.

శేషు అయిదో క్లాసులో ఉండగా వాళ్ళ నాన్నగారు పోయారు. ముసునూరు తోటలో బావిలోకి జారిపడ్డారని ఊరంతా అనుకుంది. హోటల్ అప్పట్లో అన్నదమ్ములిద్దరిదీ. దాని మీద ఇద్దరికీ పడేది కాదు.

ఆ మధ్యాహ్నం బాబాయి తోట నుంచి ఒక్కడే వచ్చాడు. హోటల్లో శేషు పక్కనే కూర్చుని భోజనం చేశాడు. లేచేముందు ఆకు అవతలికి మడిచాడు.

"బాబాయ్, అటు మడిచావేంటి?" అని అడిగాడట శేషు. ఆయన గబుక్కున విప్పి ఇటు మడిచాడు.

నాన్నగారి కబురు సాయంత్రం వచ్చింది.

పరధ్యానం కావచ్చు కదా అన్నాను.

"కావచ్చు. కానీ ఆ రోజు నుంచి ఆయన ఆకులో తినలేదురా. ఎక్కడికెళ్ళినా పళ్ళెం అడుగుతాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోలీసులకి చెబుదాం పద అన్నాను. మీ అమ్మగారికైనా చెప్పు అన్నాను. కనీసం పేర్లు మార్చి నవల్లో రాయి అన్నాను.

నాన్నగారు పోయాక శేషునీ వాళ్ళమ్మగారినీ ఇంటికి తెచ్చి పెట్టుకున్నది ఆ బాబాయే. చదివిస్తున్నదీ ఆయనే. బాబాయి వాళ్ళకి పిల్లల్లేరు. పిన్ని వీడికి ముద్దలు కలిపి పెట్టి పెంచింది. వీణ్ణి ఎవరైనా ఒక మాటంటే వీధిలోకి వెళ్ళి పోట్లాడేది.

కొన్నాళ్ళకి శేషు ఎండింగ్ చెప్పాడు.

ఆఖరి చాప్టర్‌లో మాంత్రికుడు చనిపోయినాయన్ని నిలబెట్టి, నిన్ను చంపిందెవరు అని అడుగుతాడు. ఆయన హోటలంతా చూస్తాడు. హంతకుడి పక్కనే కూర్చుని తన కొడుకు అన్నం తింటుంటాడు.

"నన్నెవరూ చంపలేదండీ. కాలు జారింది" అని చెప్పి వెళ్ళిపోతాడు.

"ఇదేం డిటెక్టివ్ నవలరా! చదివినవాళ్ళు మనల్ని కొడతారు" అని అరిచాను.

"ఆయన నిజం చెబితే ఆ పిల్లాడూ వాళ్ళమ్మా రాత్రికి ఎక్కడ తింటారురా?" అన్నాడు శేషు.

ఆ నవల ఒక్క పేజీ కూడా రాయలేదు వాడు.

బాబాయికీ పిన్నికీ చివరిదాకా చాకిరీ చేశాడు. ఇద్దరికీ కర్మకాండలు చేశాడు. ఒక్కరోజు కూడా నోరు జారలేదు. కన్నకొడుకైనా ఇంత చెయ్యడని ఊళ్ళో అందరూ మెచ్చుకుంటుంటే నేను అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయేవాణ్ణి. అంత మింగి ఎలా బతికాడో నాకిప్పటికీ అర్థం కాదు. గుండె ఆగిందంటే ఆశ్చర్యమేముంది? ఏడుపు మాత్రం ఆగట్లేదు.

వాళ్ళమ్మగారూ లేరు, బాబాయీ పిన్నీ లేరు. శేషు కొడుకుని అడిగే ఇక్కడ రాస్తున్నాను. తప్పనిపిస్తే నన్ను తిట్టండి. వాణ్ణేమీ అనకండి.

శేషూ...

మీ నాన్నగారు కనబడతారు కదా. ఏం జరిగిందో అడుగు. ఈసారి ఆయన నిజం చెప్పినా నీ అన్నానికి లోటు రాదు.

ఇక ప్రశాంతంగా పడుకోరా.