కాఫీమొక్కకి కడుగునీళ్లు

మా అత్తగారి కాఫీమొక్క కొంప నేనెలా ముంచేనో చెబుతాను, వినండి. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోతుంది.

డెబ్బైల్లో మాట. అంబాజీపేటకి కోడలిగా వచ్చిన కొత్త. అరకు కాఫీతోటలో పనిచేసే మా చిన్నమామగారు తెచ్చిన మొక్కని అత్తగారు కొబ్బరిచెట్ల నీడన చంటిపిల్లలా పెంచేరు. మొగ్గలైతే వచ్చేయిగానీ, అలిగిన అల్లుళ్లలా ముడుచుకు కూర్చున్నాయి. విచ్చవు, రాలవు. మామగారికి చిరాకెత్తిపోయింది.

"ఈ ఎండల్లో పూసిందా, సరే. లేదా పీకేసి కొబ్బరిమొక్క పాతేస్తాను!"

చిన్నమామగారు వచ్చి చూసి, "నీళ్లు ఆపెయ్యండొదినా. దాహం పడితేనే చెట్టులో ఏదో ఊరి మొగ్గ తయారవుద్దంట, మా తోట ఆఫీసరుగారు చెప్పేరు. ఆపైన వాన తగిలితే చాలు, విచ్చేస్తాయి" అన్నారు.

"ఆయ్" అని అత్తగారు నీళ్లాపేసేరు.

నాకు వచ్చింది చూడండీ కోపం! నూతినిండా నీళ్లుండగా మొక్కని ఎండగడతారా? కడుపుతో ఉన్నదాన్ని ఎవరైనా పస్తుపెడతారా? రోజూ పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు చాటుగా దాని మొదట్లో గుమ్మరించేదాన్ని. ఆకులు నిగనిగలాడేయి. వాన కూడా పడింది. పువ్వు మాత్రం లేదు.

మామగారు గునపం తీసేరు. అత్తగారు పరుగున వెళ్లి మొక్కకి అడ్డంగా చతికిలబడ్డారు. పడగానే చీర తడిసింది. తడిమి చూసుకుంటే చేతికి నూకలంటేయి.

"ఏవమ్మాయ్, దీనికి అన్నం కూడా వండి పెడుతున్నావా?"

"జాలేసి పోసేనండీ."

"నీ జాలి తగలెయ్యా! నోరెండితే పూసేదాన్ని బొజ్జనింపి పడుకోబెట్టేవు కదే!"

"అయితే చచ్చినా ఇక చుక్క పొయ్యను!" చెంబు విసిరికొట్టేను.

మా అరుపులకి జడిసి మామగారు గునపం గోడకి చేరేసేరు. "ఇంకో వాన చూస్తాను, అంతే!"

పంతం కొద్దీ నేనటు తొంగి చూళ్లేదు. ఆకులు వడిలి వేలాడిపోయేయి. అప్పుడు కొట్టింది గాలివాన. వారం పది రోజులకి, తెల్లారేసరికి పెరడంతా మల్లెల వాసన! కొమ్మకొమ్మకీ పేలాలు అతికించినట్టు కాఫీపూలు!

అత్తగారు కళ్లొత్తుకుంటూనే నన్ను ఉరిమి చూసేరు. "నువ్వలిగితేనే పూసిందే ఇది! ఏటా ఈ రోజులకి నీతో పోట్లాట పెట్టుకుంటానుండు!"

అప్పుడే నూతిగట్టు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను, దాహమన్నవాళ్ల మీద ఈ జన్మలో జాలిపడనని. చెయ్యింకా తియ్యనేలేదు, ఎండనపడి వచ్చిన మా ఆయన మంచినీళ్లడిగేరు.

"ముందు పూయండి," అన్నాను, "అప్పుడిస్తాను."