అర్జీలో కొట్టేసిన మాట

తాలూకా ఆఫీసు రికార్డుల్లో మా గుట్టకు ఒక పేరుండేది: "పోరంబోకు. సాగుకు పనికిరానిది." ఆ మాట నా కళ్లతో చదివినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇప్పటికీ తలుచుకుంటే పళ్లు నూరుకుంటాను. మూడు ఊళ్ల గొర్రెలు, మేకలు, ఎనుములు దాని మీదే బతికేవి. వానలు ఎగ్గొట్టి వేరుశనగ కాయ పట్టకుండా పోయిన ఏడు, గుట్టలో సీతాఫలాలు, కలేకాయలు, చీపురుపుల్లలు ఏరి సంతకు మోసుకుపోయి జొన్నలు తెచ్చుకునేవాళ్లం. పడిన నాలుగు చినుకులనూ ఆ గుట్ట పట్టుకుంటేనే కింద బావుల్లో ఊట. అది పనికిరానిదని రాసినవాడు దాన్ని ఎక్కి చూసి ఉండడు.

నేను యాడికి అనే ఊరి వైపు పుట్టి, బెళుగుప్ప వైపు ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. మాది గొర్రెల ఇల్లు. పదో తరగతి చదివిన ఆడమనిషి ఆ ఊళ్లో నేనొక్కదాన్నే. మా అత్తకు ఒక్క అక్షరం రాదు. గుట్టలో ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లుంటాయో మాత్రం కళ్లు మూసుకుని చెప్పేది.

డెబ్బైల చివర్లో, వరసగా రెండేళ్లు కరువొచ్చినప్పుడు, ఒక కంట్రాక్టరు లారీతో దిగాడు. గుట్ట మీద చెట్లు కొట్టి బొగ్గు కాల్చుకోవచ్చని అతని చేతిలో పర్మిట్టు. మా సర్పంచు దానికి ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఊళ్లో ఎవరినీ అడగలేదు. వారం తిరక్కుండా కింది వాలులో బట్టీలు లేచాయి. పొగకు గొర్రెలు దగ్గేవి.

మా అత్త నేరుగా సర్పంచు ఇంటికి పోయింది. నేను వెనకాలే ఉన్నాను.

"ఎవుర్ని అడిగి ఇచ్చినావప్పా గుట్ట?"

"గవర్నమెంటుది కదమ్మా. నీదా, నాదా?"

"నాది కాదు, నీదీ కాదు. అందుకే నువ్వెట్ల ఇస్తావని అడుగుతాండా."

ఆయన నవ్వి లోపలికి పోయాడు. ఆ నవ్వుకే మా అత్త మండిపోయింది.

దూరంగా ఉన్న రిజర్వు అడవికి డ్యూటీ మీద పోయే ఒక గార్డు అప్పుడప్పుడు మా ఇంటి దగ్గర ఆగి మజ్జిగ తాగేవాడు. అసలు సంగతి చెప్పింది అతనే. "అడవి చట్టం కింద రిజర్వు అని గెజిట్‌లో పడనీ అమ్మా. ఆపైన ఏ సర్పంచూ దాన్ని ఇచ్చేదానికి లేదు. కానీ ఒకరిద్దరు అడిగితే కాగితం చెత్తబుట్టలో పడేస్తారు. మూడూళ్లూ అడగాల."

ఆ రోజు నుంచి నా చేతిలో కాగితం, మా అత్త చేతిలో ఇంకు డబ్బా. గొర్రెలవాళ్లు వెంటనే వేలిముద్రలు వేశారు. రైతులు అనుమానించారు. రిజర్వు అంటే గుట్ట పక్కనున్న తమ చేన్లు కూడా గుంజుకుంటారని వాళ్ల భయం. ఒక్కో ఇంటికీ నాలుగైదు సార్లు తిరిగి, హద్దురాళ్లు చూపించి ఒప్పించాం. మిగిలింది కాలనీ.

కాలనీవాళ్లు కిరస్తానీలు, కూలి చేసుకుని బతికేవాళ్లు. కరువులో వాళ్లకు దొరికిన ఒకే ఒక్క పని ఆ బట్టీల్లోనే. ఆదివారం ప్రార్థన అయ్యాక రేకుల గుడి ముందు అందరినీ కూర్చోబెట్టి నేను అర్జీ చదివాను. చదవడం అయ్యీ కాకముందే ఒకామె లేచింది. నాకంటే పదేళ్లు పెద్దది. బొగ్గు మోసి మోసి చేతి గీతల్లో నలుపు ఇంకిపోయి ఉంది.

"ఈ కరువులో మా ఇండ్లల్లో పొయ్యి ఎలిగిచ్చింది ఆ బట్టీనే. ఇప్పుడు నీ గొర్రెలకు మేత లేదని వచ్చినావు. మాకు తినేదానికి లేనప్పుడు నువ్వు యాడ ఉండావు?"

మా అత్త ఎవరికీ జంకే మనిషి కాదు. ఆ మాటకు మాత్రం అక్కడే ఆమె ముందర నేల మీద కూర్చుంది. కూర్చుని అంది: "తప్పే మే, రాలేదు. కానీ ఒకటి చెప్పు. చెట్లు అయిపోతానే ఆ లారీ పోతాది. ఆపైన నీ మేకలు యాడ మేస్తాయి?"

ఆమె గుట్ట వైపు చూసింది. అప్పటికే సగం వాలు బోడి అయిపోయింది.

"సరే, రాయి పాపా," అంది నాతో. "మా మేకలు, మా కట్టెల మోపు. చట్టం వచ్చినా ఈ రెండూ ఆపగూడదని రాయి. రాసి మా ముందర చదువు."

రాశాను. రెండుసార్లు చదివాను. అప్పుడు వేళ్లు ముంచారు. మరుసటి రోజే కంట్రాక్టరు కాలనీవాళ్లను పనిలోంచి తీసేసి, వేరే ఊరి కూలీలను దింపాడు. కాలనీలో ఆ ఎండాకాలం ఎలా గడిచిందో నాకు తెలుసు. ఒకపూట సంగటి, ఒకపూట నీళ్లు. గుట్ట కోసం మేం తిరిగాం. కడుపు మాడ్చుకున్నది వాళ్లు.

ఎమ్మెల్యే ఇంటికి మూడుసార్లు పోయాం. మూడుసార్లూ వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి "చూద్దాంలే" అని పంపించారు. ఓట్ల కాలం వచ్చి ఆయన జీపు మా ఊరికి వచ్చినప్పుడు మూడు ఊళ్ల ఆడవాళ్లం దారికి అడ్డంగా కూర్చున్నాం. కాలనీ ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు.

"ఏమప్పా, మా ఓట్లు కావాల, మా గుట్ట వద్దా?" అంది మా అత్త.

డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఒక్కరూ కదల్లేదు. చివరికి ఎమ్మెల్యే దిగి, మా కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. గెలిచాక శాసనసభలో అడిగాడు కూడా. "పరిశీలనలో ఉంది" అని జవాబు వచ్చిందట. ఆ ఒక్క మాటకు కంట్రాక్టరు పర్మిట్టు ఆగిపోయింది. ఎనభైల మొదట్లో ఊళ్లో దండోరా వేశారు: గుట్టను రిజర్వు చేయబోతున్నారు, హక్కులున్నవాళ్లు వచ్చి అధికారి ముందు చెప్పుకోవాలి.

ఆ విచారణ తేదీని రెండుసార్లు మార్చారు. మూడోసారి ముందు రోజు సాయంత్రం కబురు పంపారు. అది వేరుశనగ పెరికే కాలం. కాలనీవాళ్లంతా పిల్లాజెల్లాతో పెరుకుడు కూలికి దూరపు ఊళ్లకు పోయి ఉన్నారు. నేను, మా అత్త, నలుగురు గొర్రెలవాళ్లు మాత్రమే పోయాం.

అధికారి అర్జీ చదివి ఒకచోట వేలు ఆపాడు.

"మేకలా? మేక మేసిన చోట అడవి బతకదు. ఇది ఉంటే నేను పైకి పంపను. గొర్రెలకు, కట్టెల మోపుకు ఒప్పుకుంటాను. ఈ మాట కొట్టేయండి."

"మేకలవాళ్లు రాలేదు సార్. వాళ్లను అడగాల," అన్నాను.

"ఈ రోజే ఆఖరు."

తన పెన్ను నా ముందుకు తోశాడు. చెట్లన్నీ నరికి బొగ్గు చేసుకోమని పర్మిట్టు ఇచ్చింది ఇదే సర్కారు. అప్పుడు అడవి బతుకుతుందా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు లేనివాళ్ల రెండు మేకలు అడవికి శత్రువులయ్యాయి. ఈ మాట ఆయన మొహం మీద అనాల్సింది. అనలేదు.

మా అత్త నెమ్మదిగా అంది: "ముందు గుట్ట మిగలనీ మే. మేకల సంగతి ఆపైన సూస్తాం."

కొట్టేశాను. తిరుగు బస్సులో ఆరుగురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కాలనీవాళ్లు తిరిగొచ్చాక కూడా చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే గెజిట్ వచ్చేసింది.

మొదటి నెలలోనే కొత్త గార్డులు కాలనీ మేకలను తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారు. మా గొర్రెలు మాత్రం దర్జాగా గుట్ట ఎక్కాయి. కాలనీలో ఆ రోజు లేచి నన్ను నిలదీసినామె మా గడప ముందుకొచ్చి నిలబడింది.

"మేం ఏలిముద్రలు ఏసిన కాగితంలో మా మేకలు లేవంట. ఏల లేవు?"

"ఆఫీసరు ఒప్పుకోలేదు మే..." అంది మా అత్త.

"ఆఫీసరు చేయి కాదంట కొట్టేసింది. నీ కోడలి చేయంట."

నాకు ఆ అధికారి మీద కోపం ఉంది, తేదీలు మార్చిన ఆఫీసు మీద కోపం ఉంది. కానీ ఆ పెన్ను పట్టుకున్న చేయి నాది. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలి?

నాలుగు రోజుల తర్వాత తెల్లకాగితాలు తీసుకుని కాలనీకి పోయాను. ఆమె నన్ను చాలాసేపు ఎండలో నిలబెట్టింది. తర్వాత కూడా కూర్చోమనలేదు, "రాయి" అంది. ఆమె చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను.

"మమ్మల్ని అడక్కుండా మా మాట కొట్టేసినారని రాయి. ఎవురు కొట్టేసినారో అదీ రాయి."

నా పేరు నేనే రాశాను. "మొదట మీ అత్త ఏలు పడాల," అంది. మా అత్త వచ్చి వేలిముద్ర వేసింది.

ఆ కాగితం పట్టుకుని మా అత్త, ఆమె ఇద్దరూ కలిసి ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగారు. చివరికి ఒక పెద్ద అధికారి, ఎండాకాలంలో కింది వాలులో మేకలు మేపుకోండని నోటిమాటగా చెప్పాడు. రాసిమ్మంటే ఇవ్వలేదు. గార్డు మారినప్పుడల్లా మేకలు మళ్లీ బందెలదొడ్డిలోకే.

గుట్ట మాత్రం మళ్లీ పచ్చబడింది. మోళ్లు చిగిర్చాయి, బావుల్లో ఊట కాస్త పెరిగింది. ఎనభైల చివర్లో ఒకసారి ఆఫీసువాళ్లు బడి ముందు షామియానా వేసి, గుట్టను కాపాడిన తల్లి అని మా అత్తకు శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు ముందుకు పోయింది.

"ఈ గుట్ట కోసరం బట్టీ కూలి పోగొట్టుకోని పస్తులున్న మనిషి ఒకామె ఉండాది. పోయిన నెల ఆమెను మీరు బందెలదొడ్డి కాడ పొద్దంతా నిలబెట్టినారు. ఈ గుడ్డ ఆమెకు ఇచ్చేదానికి మీకి మొగం ఉండాదా?"

ఎవరో చప్పున మైకు తీసేశారు. మా అత్తది మైకు అవసరం లేని గొంతు. మిగతాది కూడా, మేకల మాట కొట్టేసిన చేయి మా ఇంటిదేనని, చెప్పే దిగింది.