ఎవరూ తినని రొట్టె

మా మామగారు పోయారు. పిడుగురాళ్ల పక్కన మా పల్లెకు ఇన్నేళ్లూ చర్చి ఉపదేశిగా ఉన్న మనిషి, పోయిన ఆదివారం మశూచితో, ప్రభువు బల్ల రొట్టె కూడా ముట్టకుండా పోయారు. ఆయన్ను ఎరిగినవాళ్లు నమ్మరు. అందుకే రాస్తున్నాను.

ఆయన మంచివారు. యుద్ధం రోజుల్లో గింజలు దొరకనప్పుడు తన కంచంలోని సంకటి పక్కింటి పిల్లలకు పెట్టి పస్తున్నారు. నాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే. పెళ్లయి వచ్చిన కొత్తలో బెంగతో ఏడుస్తుంటే, "ఏడవమాక అమ్మాయ్. మనుషులు మారతారు గానీ దేవుడు మారడు. నిన్నొదిలిపెట్టడు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఆ ఇంట్లో నిలదొక్కుకున్నాను.

తర్వాత అదే మాట నా మీదికి వచ్చింది. మూడేళ్ల నా కూతురికి మశూచి పోసింది. పిల్ల గిలగిల్లాడుతుంటే గుమ్మానికి వేపమండలు కట్టి, ఆకులు పరిచి పడుకోబెట్టాను.

"అమ్మోరికి మొక్కావా?" అన్నారు మామగారు.

"లేదు మామా, సల్లగా ఉంటదని."

"గుమ్మానికి కట్టింది గూడా సల్లదనానికేనా?"

పిల్ల బతకలేదు. పూడ్చి వచ్చిన ఆదివారమే సంఘం ఎదుట నన్ను బల్ల నుంచి వెలివేశారు, ఆ రొట్టె తినకూడదన్నారు. తప్పు ఒప్పుకుంటే చేర్చుకుంటామన్నారు. బిడ్డకు ఆకులు పరచడం తప్పని నా నోటితో ఎలా అనను? సున్నపు బట్టీలో పనిచేసే నా భర్త తండ్రికి ఎదురు చెప్పే మనిషి కాదు.

అప్పటినుంచి బల్ల రొట్టె కాల్చేది నేనే, చర్చి గడప బయట కూర్చునేదీ నేనే. నా చేతి రొట్టెనే విరిచి అందరికీ పెట్టేవారు. ఇంటికొచ్చి నేను వండిన కూర తిని, ఉప్పు చాలలేదనేవారు. ఆ మామూలుతనానికే నాకు ఒళ్లు మండేది. ఎన్నాళ్లు మామా అని అడిగితే, "నేనేం జేసేది, దేవుడు మారడుగా" అనేవారు.

చివరికి ఆయనకే పోసింది. ఆకు తేవద్దని ముందే చెప్పారు. స్పృహ తప్పాక పరిచాను. మూలుగు తగ్గింది. పొద్దున సంఘపెద్ద రొట్టె తెచ్చేసరికి కళ్లు తెరిచి, వీపు కింద తడుముకున్నారు.

"ఎవురు పరిచింది?"

"నేనే. చూడలేకపోయా."

సంఘపెద్ద రొట్టె అందిస్తే మొహం తిప్పేశారు. "నాకొద్దు. నిన్ను బయట కూకోబెట్టినోణ్ణి, అదే ఆకు మీద పడుకొని ఎట్టా తినేది?"

"తీసేస్తా మామా, తిను."

"ఉండనియ్. సల్లగుంది."

"అయితే నన్ను చేర్చుకో. ఇద్దరం తిందాం."

తల అడ్డంగా ఊపారు. కళ్లు నీళ్లయ్యాయి. "దేవుడు మారడమ్మాయ్" అన్నారు. కొత్తకోడలికి చెప్పినట్టు అన్నారో, ఎన్నాళ్లని అడిగినప్పుడు అన్నట్టు అన్నారో నాకు తెలియలేదు. అడిగేలోపే ఊపిరి ఆగింది.

ఆయన మీద కోపం పోలేదు. ఆయన లేకపోతే ఈ కోపం రాసుకోవడానికి అక్షరాలూ ఉండేవి కావు.

గొయ్యి తవ్వించడానికి సంఘపెద్ద వెళ్లిపోయాడు. రొట్టె పళ్లెం మంచం పక్కనే ఉంది. ముందురోజు నుంచి నేనేమీ తినలేదు. అయినా ఆ రొట్టె ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి దానికి చీమలు పట్టాయి.