మావ చెక్కిన రేసుబండి

మావ పోయాడు. ఈ రెండు మాటలూ రాసి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. నాకింకా అబద్ధంలాగే ఉంది. ముందురోజు సాయంత్రం నా షెడ్డులో టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిన మనిషి. పొద్దున్నే అత్త ఫోను చేసి, "ఒరే, మీ మావ లెగట్లేదురా. ఎంత పిలిసినా లెగట్లేదు" అంది. వేళాకోళమనుకుని "మొహాన నీళ్లు కొట్టు అత్తా" అన్నాను.

మావంటే మా అమ్మ తమ్ముడు. బొబ్బిలిలో వీణలు చెక్కడం ఆయన పని, అంతకుముందు వాళ్ల నాన్న పని. నాది అదే ఊళ్లో మోటారుసైకిళ్ల షెడ్డు. ఇద్దరం కలిసి ఈమధ్యే ఒక బండి కట్టాం. పాతకాలపు ఫ్లాట్ ట్రాక్ రేసుబండికి నకలు. విదేశాల్లో మట్టినేల మీద గుండ్రంగా తిరిగే పందేలకి అలాంటివి చేసేవారు. లైట్లుండవు, ముందు చక్రానికి బ్రేకుండదు. ఒక పాత పత్రికలో దాని ఫొటో చూసి నాకు పిచ్చి పట్టింది. ఆ పిచ్చి మావకీ అంటించాను.

ఫొటో చూసి, ఆ పందెం సంగతి వినగానే, "ఏటిరా ఇది, ఎప్పుడూ ఎడంపక్కకే తిరుగుతాదా? గానుగెద్దుకి తమ్ముడేటి?" అన్నాడు. అంతలోనే, "అయితే దీని మోత ఇనాలిరా" అన్నాడు. ఆయనకి కావలసింది అదొక్కటే. ఎక్కి తిరగాలనీ లేదు, పదిమందికీ చూపించాలనీ లేదు. కొత్త కుర్చీ కొన్నా వేలితో తట్టి చూసే మనిషి. ఆ ఇంజను మోత ఒకసారి వినాలి, అంతే.

ఇంజను నరసన్నపేటలో ఒక పాత ఇనుము కొట్టులో దొరికింది. ఫ్రేము నేను అతికాను. ట్యాంకు దగ్గర ఆగిపోయాం. ముందు కర్రతో ఆ ఆకారం చెక్కి, దానిమీద రేకు వేసి సుత్తితో కొట్టి వంచాలి. మావ మంచి పనసదుంగ తెచ్చాడు. కొన్నాళ్లకి తువ్వాలు చుట్టి, పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఎత్తి చూద్దును కదా, తేలిగ్గా ఉంది! వీణకుండ తొలిచినట్టు లోపలంతా తొలిచేశాడు. పైగా తట్టి, "మోత సూడరా, గంటలాగుంది" అంటాడు.

"మావా, ఇది వాయించడానికి కాదు, మీద సుత్తితో బాదడానికి."

"బాదు మరి" అన్నాడు పౌరుషంగా. బాదాను. రెండు చెక్కలైంది. ఆయన తన చేతులకేసి చూసుకుని, "ఈటికి ఒకటే పని తెల్సురా. మన మాట ఇంటాయేటి?" అని పగలబడి నవ్వాడు. ఒక చెక్కలో అత్త ఉల్లిపాయలు పోసుకుంది. రెండోసారి నిండుగా ఉంచి చెక్కాడు. తొలవకుండా చేతులు బిగపట్టుకోవడానికి ఎంత అవస్థపడ్డాడో అత్త చెబుతుంటే కడుపుబ్బ నవ్వాం.

ట్యాంకు తయారైంది, ఎర్రరంగు వేశాం. ఆ చివరి సాయంత్రమే స్టార్టు చేసేద్దామన్నాను. "ఆరనీరా. తడి మీద ముట్టుకుంటే మచ్చ పడిపోద్ది. నానొచ్చి సూసీదాకా ఆగు" అన్నాడు. జీవితంలో దేనికీ తొందరపడని మనిషి పోవడానికి మాత్రం ఎందుకు తొందరపడ్డాడు? నాకు దుఃఖం కంటే ముందు కోపం వస్తోంది. ఆయన మీదే. ఇంక ఆ బండిని స్టార్టు చెయ్యకూడదనుకున్నాను.

పెద్దకర్మ కాకముందే అత్త పిలిచి, "ఆ బండి ఇక్కడికి తే" అంది. ఆవిడ గడప దాటే రోజులు కావు. అందుకని నేనే వీధులవెంట తోసుకెళ్లి వాళ్ల వాకిట్లో గడపకి ఆనించినట్టు నిలబెట్టాను. ఆవిడ తలూపితే ట్యాంకులో కొద్దిగా పెట్రోలు పోసి కిక్కు కొట్టాను. సైలెన్సరు లేని ఇంజను. పెంకుల మీది కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అరుగు మీద పెద్దాయనొకరు, "సావింట్లో ఈ మోతేట్రా, ఆపు!" అని కేకేశారు. ఆయనన్నదీ నిజమేననిపించి స్విచ్చి మీదికి చెయ్యి పోనిచ్చాను.

అత్త గడప లోపలినుంచే వంగి నా మణికట్టు పట్టుకుంది.

"ఉంచరా" అంది.

పొగ ఇంట్లోకి పోతోంది. పెట్రోలు అయిపోవచ్చి ఇంజను తడబడింది, ఒకసారి గట్టిగా దగ్గి దానంతటదే ఆగింది. అత్త నా చెయ్యి వదల్లేదు.